యుద్ధ సినిమా మాస్టర్‌పీసో కాదో తేల్చుకోవడం ఎలా?

యుద్ధ సినిమా గొప్పదని చెప్పడానికి చాలామంది రెండు విషయాలే చూస్తారు. ఎంత ఖర్చు పెట్టారు, ఎంత ఏడిపించారు. ఎడిటింగ్ నా వృత్తి కాబట్టి నేను చూసేది వేరు. ఇదే కథను ఇంకో పద్ధతిలో చెబితే ఏం పోతుంది? ఏమీ పోదనిపిస్తే అది మంచి సినిమా కావచ్చు, మాస్టర్‌పీస్ మాత్రం కాదు. క్రిస్టఫర్ నోలన్ తీసిన 'డంకర్క్' (2017) ఈ పరీక్షకు నిలబడుతుందని గట్టిగా నమ్ముతాను. నా మాట మీద కాకుండా మీరే తేల్చుకోవాలంటే దాన్ని ఎలా చూడాలో చెబుతాను. కథలోని మలుపులు బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివాళ్లు చూశాకే చదవండి.

ముందు కాస్త చరిత్ర తెలుసుకోండి, ఎందుకంటే సినిమా విడమరచి చెప్పదు. 1940 మేలో జర్మన్ సైన్యం బ్రిటిష్, ఫ్రెంచ్, బెల్జియం సేనలను ఫ్రాన్స్ ఉత్తర తీరానికి నెట్టేసింది. వెనక శత్రువు, ముందు సముద్రం. డంకర్క్ దగ్గర తీరంలో లోతు తక్కువ, పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. అందుకే సముద్రంలోకి చాలా దూరం కట్టిన సన్నటి అలల అడ్డుగోడ మీద సైనికులు బారులు తీరారు. దాన్నే 'మోల్' అంటారు. మామూలు జనం పడవలు కూడా సాయానికి వచ్చాయి. మే 26 నుంచి జూన్ 4 లోపు 3,38,000 మందికి పైగా బయటపడ్డారు. ఇంత తెలిస్తే చాలు.

మొదటిసారి చూసేటప్పుడు మధ్యలో ఆపొద్దు. నిడివి 106 నిమిషాలే. పేర్లు గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. కుర్ర సైనికులందరూ ఒకేలా కనిపిస్తున్నారని విసుగొస్తే, అది కావాలని చేసిందే. వాళ్ల ఊరేది, ప్రేమించిన అమ్మాయెవరు అనే ముచ్చట్లు ఇందులో ఉండవు. లక్షల మందిలో ఒకడు బతకాలని మనం కోరుకోవడానికి అవి అక్కర్లేదని సినిమా నమ్ముతుంది.

అసలు పని రెండోసారి చూసేటప్పుడే. కాగితం మీద మూడు గడులు గీయండి. మోల్ దగ్గరి కథ ఒక వారం, సముద్రం మీద కథ ఒక రోజు, ఆకాశంలో కథ ఒక గంట. మొదట్లోనే తెర మీద ఈ మాట వేస్తారు, మనమే పట్టించుకోం. సీన్ వచ్చినప్పుడల్లా దాని గడిలో ఒక ముక్క రాసుకోండి. ఒకే సంఘటన రెండు గడుల్లో తగిలినప్పుడు ఆపి, వెనక్కి వెళ్లి చూడండి.

ఉదాహరణకు, కాలిన్స్ అనే పైలట్ దెబ్బతిన్న విమానాన్ని సముద్రంలో దింపుతాడు. పైనుంచి చూస్తున్న తోటి పైలట్ ఫారియర్‌కి కాక్‌పిట్‌లోంచి ఊగుతున్న చెయ్యి కనిపిస్తుంది. క్షేమంగా ఉన్నాడనుకుని ముందుకు సాగిపోతాడు, మనమూ హమ్మయ్య అనుకుంటాం. చాలాసేపటికి అదే సంఘటన సముద్రం గడిలోకి వస్తుంది. కాక్‌పిట్ పైకప్పు ఇరుక్కుపోయింది, లోపలికి నీళ్లు వచ్చేస్తున్నాయి. ఆ చెయ్యి వీడ్కోలు చెప్పడం లేదు, బయటపడడానికి కొట్టుకుంటోంది. ఈ రెండు ముక్కలను వరసగా అతికించి చూపిస్తే అదొక మామూలు రెస్క్యూ సీన్. విడదీయడం వల్లే యుద్ధంలో పక్కనున్నవాడి చావుబతుకులు కూడా సరిగ్గా కనపడవన్న సంగతి, ఎవరూ చెప్పకుండానే, మనకు తగులుతుంది.

పడవలో వణికిపోయే సైనికుణ్ణి కూడా ఇలాగే గమనించండి. మనకు పరిచయమయ్యేటప్పటికే అతను మానసికంగా చితికిపోయి ఉంటాడు. తర్వాత మోల్ కథలో, అంటే కాలక్రమంలో అంతకుముందే, నిబ్బరంగా ఆజ్ఞలిచ్చే ఆఫీసరుగా కనిపిస్తాడు. ఆ ఇద్దరూ ఒకడేనని పోల్చుకున్న క్షణంలో నాకు గుండె పట్టేసినట్టయింది. వరస క్రమంలో చెబితే ఇంత దెబ్బ ఉండదు.

తర్వాత శబ్దం. ఏదైనా పది నిమిషాల భాగం కళ్లు మూసుకుని వినండి, ఆ భాగమే శబ్దం తీసేసి చూడండి. హాన్స్ జిమ్మర్ సంగీతంలో గడియారం టిక్కుటిక్కు వినిపిస్తుంది, అది నోలన్ సొంత వాచీదే. దాంతోపాటు షెపర్డ్ టోన్ అనే చెవి భ్రమ ఉంది. కొన్ని స్వరాలు కలిసి పైకి పోతుంటాయి. పైది మెల్లగా వినపడకుండా పోతుంటే కిందనుంచి ఇంకోటి అందుకుంటుంది. ఎంతసేపు విన్నా శ్రుతి పెరుగుతూనే ఉన్నట్టుంటుంది, ఎక్కడా దిగదు. ఈ సూత్రం మీదే స్క్రిప్టు అల్లానని నోలన్ చెప్పారు. మీరు రాసుకున్న మూడు గడులూ ఇప్పుడు మళ్లీ చూడండి. ఒక కథలో టెన్షన్ సడలేలోపే ఇంకో కథలో పెరుగుతుంటుంది. ఎడిటింగ్‌కి, సౌండ్ ఎడిటింగ్‌కి, సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్లు వచ్చాయంటే ఆశ్చర్యం లేదు.

చిన్న వస్తువుల మీద కూడా కన్నెయ్యండి. ఫారియర్ విమానంలో ఇంధనం చూపే మీటరు పగిలిపోతుంది. పక్క విమానంవాణ్ణి రేడియోలో అడిగి, ఎంత మిగిలిందో ఎదురుగా ఉన్న పలక మీద సుద్దముక్కతో రాసుకుంటాడు. అప్పటినుంచి ఆ సుద్దరాతే మన గుండెదడ. డైలాగ్ అవసరమే రాలేదు.

ఆఖరుగా, సినిమాలో లేనివి రాసుకోండి. తీర్పు ఇవ్వాలంటే ఇది తప్పనిసరి. జర్మన్ సైనికులు దాదాపు కనపడరు, చివర్లో మసకగా తప్ప. ఇది నాకు బలంగానే అనిపిస్తుంది. తూటా ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియనివాడి భయం అలాగే ఉంటుంది. కానీ బ్రిటిష్ ఇండియా సైన్యంలోని కంచరగాడిదల దళాలు డంకర్క్‌లో ఉన్నాయి, మనవాళ్లు ఒక్కరూ తెర మీద లేరు. బయటపడ్డవాళ్లలో లక్షకు పైగా ఫ్రెంచ్ సేనలవాళ్లు, వాళ్లకు దక్కిన చోటు కూడా తక్కువే. పద్ధతి పేరు చెప్పి ఈ లోటును సమర్థించలేం, ఎందుకంటే మోల్ మీద నిలబడిన గుంపులో ఇంకొన్ని ముఖాలు చూపిస్తే ఆ మూడు కాలాల అల్లికకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఇది లోటని ఒప్పుకుంటూనే నేను దీన్ని మాస్టర్‌పీస్ అంటాను. మీ కాగితం చూసుకుని మీరు కాదనవచ్చు.

కొలత పనిచేస్తోందో లేదో చూడాలంటే శామ్ మెండిస్ తీసిన '1917' (2019) పెట్టుకోండి. అది ఆపకుండా తీసిన షాట్‌లా సాగుతుంది. కాబట్టి గడులు అక్కర్లేదు, ప్రశ్న మాత్రం అదే. ఈ సీన్‌లో ఒక కట్ వేస్తే ఏం పోతుంది? సీన్ సీన్‌కీ ఆపి జవాబు రాసుకుంటూ వెళ్లండి.