పిల్లలను ఫుట్‌బాల్ క్లబ్బులో ఎలా చేర్చాలి? గోదావరి డెల్టా తల్లిదండ్రులకు కొన్ని మాటలు

కోనసీమలో పిల్లలు ఆట నేర్చుకుంటామంటే ఇంట్లో పెద్దలకు ముందు గుర్తొచ్చేది షటిల్ బ్యాటు. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో అంత ఎత్తుకు ఎదిగాక అందులో వింత లేదు. వాలీబాల్, కబడ్డీ ఎలాగూ ఊరూరా ఉన్నాయి. ఫుట్‌బాల్ మాత్రం మన వైపు ఇంకా చుట్టపుచూపుగానే ఉంది. ఫలానా క్లబ్బు మంచిదేనా అని పక్కింటివారిని అడిగితే, వాళ్లు తిరిగి మిమ్మల్నే అడుగుతారు. కాబట్టి ఎవరికి వారు చూసి తేల్చుకోవలసిందే.

ముందు ఒక సాయంత్రం కూర్చుని చూడండి

ఫీజు కట్టక ముందే, చెప్పకుండా వెళ్లి, గంటసేపు గ్రౌండు పక్కన కూర్చోండి. ఒక పిల్లవాడిని ఎంచుకుని, వాడు బంతిని ఎన్నిసార్లు తాకాడో లెక్కపెట్టండి. మా అబ్బాయిని మొదట చేర్చిన చోట నేను ఈ పని చేయలేదు. రెండు నెలల తర్వాత బుద్ధి వచ్చి లెక్కపెడితే గంటలో పదకొండు సార్లు తేలింది. మిగతా సమయమంతా వాడు వరుసలో నిలబడి ముందువాడి చొక్కా లాగుతున్నాడు. రేషన్ దుకాణం దగ్గర కూడా అంత ఓపిక అక్కర్లేదు.

చిన్నపిల్లలకు తలా ఒక బంతి ఉండాలి, లేదా ఇద్దరికి ఒకటి. ఆట పెట్టినప్పుడు నలుగురికి నలుగురు, ఐదుగురికి ఐదుగురు చొప్పున చిన్న జట్లు కట్టాలి. ఎనిమిదేళ్లవాళ్లను పదకొండు మంది జట్టుగా పెద్ద మైదానంలోకి తోలితే, బలంగా ఉన్న ఇద్దరు ఆడతారు, తక్కినవారు పరుగెడతారు. పెద్దల గోలు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ఏడేళ్ల పిల్లను దాని ముందు నిలబెడితే నేర్చుకునేది గోల్‌కీపింగ్ కాదు, ఏడవడం.

బంతి సైజు కూడా గమనించండి. సుమారుగా ఎనిమిదేళ్ల లోపువారికి 3వ సైజు, పన్నెండేళ్ల వరకు 4, ఆ పైన 5. అయిదో సైజు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. చిన్న కాలికి అది బరువు.

గ్రౌండు చుట్టూ ఒకసారి నడవండి

ఇది ఏ పట్నం నిపుణుడూ మనకు చెప్పడు. డెల్టాలో గ్రౌండు పక్కన చాలాచోట్ల కాలువో, బోదో, చేపల చెరువో ఉంటుంది. కోచ్‌ను మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: బంతి నీళ్లలో పడితే ఎవరు తెస్తారు? ‘పిల్లలే తెచ్చుకుంటారండీ, అందరికీ ఈత వచ్చు’ అనే జవాబు వస్తే అక్కడితో లేచి వచ్చేయండి. పొడవాటి వెదురుకు వల కట్టి ఉంచుకున్నవాళ్లు, ‘ఎవరూ దిగకూడదు’ అని రోజూ చెప్పేవాళ్లు నా దృష్టిలో లైసెన్సు లేకపోయినా సగం మంచి కోచ్‌లు. బంతి వరిచేలోకి, పొదలోకి వెళ్లినా అంతే. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని పెద్దవారే వెళ్లాలి. పాముల సంగతి మీకు కొత్తగా చెప్పాలా?

కదిలించే గోల్‌పోస్టులు ఉంటే వాటిని చేత్తో ఊపి చూడండి. ఊగితే, వాటిని నేలలో దిగ్గొట్టి లేదా ఇసుక బస్తాలతో బిగించి ఉంచమనండి. పిల్లలు అడ్డకమ్మికి వేలాడకుండా ఉండరు, మీద పడితే ప్రాణాపాయం.

మన నల్లమట్టి వానకు జిగురు, ఎండకు బండ. వానాకాలంలో ఎన్ని రోజులు ఆట ఆగుతుందో, ఆ రోజుల ఫీజు ఏమవుతుందో ముందే మాట్లాడుకోండి. నీళ్లు నిలిచిన గ్రౌండులో కాలికి దెబ్బ ఉన్న పిల్లలను దించకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి పుండు ద్వారా జ్వరం అంటుకుంటుంది.

కోచ్‌తో మాట్లాడండి

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు శిక్షణ ఇచ్చి లైసెన్సులు ఇస్తుంది. మొదటి మెట్లలో ఒకటి ‘డి’ లైసెన్సు. ఉందా అని అడగడం తప్పు కాదు. లేకపోయినా మంచి వ్యాయామ ఉపాధ్యాయులు ఉన్నారు, ఉన్నా పిల్లలను తిట్టిపోసేవారూ ఉన్నారు. కాగితం చూడండి, ఆ తర్వాత ఆయన గొంతు వినండి.

తలతో బంతి కొట్టించడం గురించి అడగండి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లు, ఆ లోపు పిల్లలకు దాన్ని మాన్పించింది. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రాథమిక పాఠశాల వయసువారికి శిక్షణలో తలతో కొట్టించవద్దన్నారు. తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడిని ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. వాంతి, మత్తు, తడబాటు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే.

ఆడపిల్లలను చేర్చేవారు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, ఊరు దాటి ఆడటానికి వెళ్లినప్పుడు తోడుగా ఒక మహిళ, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడాలి. అబ్బాయైనా అమ్మాయైనా, ఏ పెద్దమనిషీ పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది క్లబ్బు నియమం కావాలి. ఏదైనా తేడా అనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ వర్తిస్తుంది.

‘స్టేట్ సెలక్షన్ నాది పూచీ’ అనేవారికి నమస్కారం పెట్టి బయటపడండి.

కాగితాలు

వయసును బట్టి పోటీలు ఉంటాయి కనుక జనన ధ్రువపత్రం మీద అంతా ఆధారపడుతుంది. అందులో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉండటం మన ఇళ్లలో మామూలే. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట. పోటీ ముందురోజు పరుగులు పెట్టకుండా ఇప్పుడే సరిచేయించండి. వయసు ఏడాది తగ్గించి రాద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పట్టుబడితే నిషేధం పడేది పిల్లవాడి మీద.

మరో చిక్కు. 2022 ఏప్రిల్‌లో ఉభయ గోదావరి జిల్లాలు చిన్న జిల్లాలుగా విడిపోయాయి. రావులపాలెం పిల్లవాడు, కాకినాడ పిల్లవాడు, రాజమహేంద్రవరం పిల్లవాడు ఇప్పుడు మూడు జిల్లాలవారు. ఏ పోటీకి ఏ జిల్లా తరఫున ఆడాలో క్లబ్బువారిని అడిగి రాసిపెట్టుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి.

సామాను, తిండి

బూట్లు వచ్చే ఏడాదికీ వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనడం మన తరతరాల వ్యసనం. ఫుట్‌బాల్‌లో అది మడమ తోలు ఊడగొడుతుంది. గట్టి నేలకు బూటు అడుగున పొట్టి రబ్బరు స్టడ్లు (బుడిపెలు) చాలు. మోకాలి కింద ఎముకను కాచే షిన్‌గార్డులు నియమం ప్రకారం తప్పనిసరి, మేజోళ్లు వాటిని కప్పాలి. నగలు ఏవీ ఉండకూడదు: గొలుసు, మురుగులు, చెవిపోగులు. టేపు చుట్టి దాచినా రిఫరీ ఒప్పుకోకూడదు. చెవులు కుట్టించి నెల కాలేదు, తీస్తే పూడుకుపోతాయని గ్రౌండు పక్కన వాదించే అమ్మమ్మలను చూశాను. కుట్టించే ముహూర్తం వేసవి సెలవుల్లో పెట్టుకోండి.

అన్నం తిన్న రెండు గంటల తర్వాతే ఆట. మన తీరపు ఉక్కలో పావుగంటకోసారి నీళ్లు తాగాలి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా తలగొట్టి, కలపండి. పెరట్లో కొబ్బరి బొండాలు ఉండగా రంగునీళ్ల సీసాలు కొనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

చేర్చిన తర్వాత

గట్టు మీద నుంచి ‘కొట్టరా, కొట్టరా’ అని అరవకండి. కోచ్ ఒకటి చెబుతుంటే నాన్న మరొకటి చెబితే పిల్లవాడు నాన్న వైపే చూస్తాడు, బంతి పక్కనుంచి పోతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు బండి మీద ఆట విశ్లేషణ వద్దు, ఆకలేస్తోందా అని అడిగితే చాలు.

పరీక్షలు వస్తున్నాయని ఒక్కసారిగా మాన్పించే బదులు, ఆ నెల వారానికి రెండు రోజులు పంపుతామని కోచ్‌తో చెప్పండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, ఫీజు కూడా సగానికి తగ్గిస్తారేమో అడిగి చూడండి.