బ్లెండర్‌లో ప్రకృతి – 4వ పాఠం: వాన కురిపిద్దాం

గత పాఠంలో బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో గాలికి గడ్డిని ఊగించాం. ఈసారి వాన.

వాన అనగానే చాలామంది ముందు చినుకు మోడల్ చేయడానికి కూర్చుంటారు. కింద గుండ్రంగా, పైన మొనదేలి, కన్నీటిబొట్టులా చేస్తారు. అసలు చినుకు అలా ఉండదు. చిన్న చినుకు గుండ్రంగానే ఉంటుంది. పరిమాణం 2 మిల్లీమీటర్లు దాటి పెరిగేకొద్దీ కిందినుంచి గాలి నెట్టి దాని అడుగు చదునవుతుంది. 5, 6 మిల్లీమీటర్లు దాటిందంటే గాల్లోనే చీలిపోతుంది. పైగా ఈ ఆకారమేదీ తెరమీద మనకు కనిపించదు. కనిపించేది చినుకు పడుతూ గీసే చార, ఆ తర్వాత తడిసిన నేల. అందుకే ఈ పాఠమంతా ఆ రెండింటి గురించే.

ముందు వేగం తేల్చుకోవాలి. తుంపర, చినుకులు, జడివాన అని మనం వేరువేరు మాటలు వాడతాం కదా, సాఫ్ట్‌వేర్‌లో కూడా అవి వేరువేరు అంకెలే. అర మిల్లీమీటరు తుంపర సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో దిగుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు 6.5 మీటర్లు, 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకు 9 మీటర్లు. మబ్బు నుంచి ఎంత దూరం పడినా వేగం ఇక పెరగదు, ఎందుకంటే గాలి నిరోధం గురుత్వాకర్షణతో సరితూగిపోతుంది.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పార్టికల్ సిస్టమ్‌లో (వేలకొద్దీ చుక్కల్ని ఒకేసారి పుట్టించే సాధనంలో) గ్రావిటీని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తారు. అప్పుడు 10 మీటర్ల ఎత్తు నుంచి పడే చుక్క పైన నెమ్మదిగా మొదలై, నేలను చేరేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. చూసేవాళ్ళకి కారణం తెలియదు గానీ అది వానలా లేదని మాత్రం వెంటనే పట్టేస్తారు.

కాబట్టి ఇలా చేయండి. 10 మీటర్ల చదరపు ప్లేన్‌ని 10 మీటర్ల ఎత్తులో పెట్టి దానికి ఎమిటర్ (చుక్కల్ని వదిలే పార్టికల్ సిస్టమ్) ఇవ్వండి. ఫీల్డ్ వెయిట్స్‌లో గ్రావిటీని 0 చేయండి. వెలాసిటీలో నార్మల్ 0, జెడ్ దిశలో మైనస్ 6.5. ఫ్రేమ్ స్టార్ట్ మైనస్ 50 ఇస్తే మొదటి ఫ్రేమ్‌కే వాన కురుస్తూ ఉంటుంది. ఎండ్ 250, లైఫ్‌టైమ్ 45. చుక్కల సంఖ్య 20,000తో మొదలుపెట్టి, చాలకపోతే పెంచుకోండి. నేలకు కొలిజన్ పెట్టి కిల్ పార్టికల్స్ టిక్ చేయండి, నేల తాకిన చుక్క అక్కడే మాయమవుతుంది.

గాలివాన కావాలంటే ఎక్స్ దిశలో 2 ఇవ్వండి. చినుకు నేల చేరేలోపు 3 మీటర్లు పక్కకి జరుగుతుంది కాబట్టి ఎమిటర్‌ని గాలి వచ్చే వైపు అంత దూరం జరపాలి. ఇంకో సంగతి కూడా గమనించండి. ఇదే గాలికి 2 మీటర్ల వేగంతో దిగే తుంపర 45 డిగ్రీలు వాలుతుంది, చినుకు మాత్రం 17 డిగ్రీలే. అందుకని తుంపరకి వేరే పార్టికల్ సిస్టమ్ పెట్టి, రెండు వాలులనూ కలిపి చూపిస్తే గాలి నిజంగా వీస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు చార. సెకనుకు 24 ఫ్రేములు అనుకుందాం. 6.5 మీటర్ల వేగంతో పడే చినుకు ఒక్క ఫ్రేములో 27 సెంటీమీటర్లు దిగుతుంది. షట్టర్ అందులో సగం సేపే తెరిచి ఉంటుంది కాబట్టి కెమెరాకి పడే చార దాదాపు 13 సెంటీమీటర్లు. తుంపరకైతే 4, పెద్ద చినుకుకైతే 19. ఐకోస్ఫియర్‌ని (త్రికోణాలతో చేసిన గోళాన్ని) ఈ పొడవుకు సాగదీయండి. మందం 2 మిల్లీమీటర్లు చాలు. దీన్ని రెండర్ యాజ్ ఆబ్జెక్ట్‌లో ఇచ్చి, రొటేషన్‌ని వెలాసిటీకి కలపండి. చార అడ్డంగా తిరిగి కనిపిస్తే ఎడిట్ మోడ్‌లో మెష్‌ని 90 డిగ్రీలు తిప్పండి. చారను మనమే చేశాం కాబట్టి దీనికి మోషన్ బ్లర్ (కదిలేవాటిని చారలా మసకబార్చే సదుపాయం) వద్దు.

మెటీరియల్‌లో తెల్లరంగు వేయకండి, దారాలు వేలాడదీసినట్టు ఉంటుంది. చినుకు ఒక చిన్న కటకం లాంటిది, చుట్టూ ఉన్న ఆకాశం వెలుగునంతా తనలోకి లాక్కుని చూపిస్తుంది. అయితే చారలో ఒక్కో చోట అది ఉండేది క్షణంలో చాలా కొద్ది భాగమే, అందుకే చార పల్చగా ఉంటుంది. ట్రాన్స్‌పరెంట్ ఎక్కువగా, గ్లాసీ కొంచెంగా మిక్స్ చేయండి. వెనక చీకటి గోడో చెట్టో ఉండాలి, వెలుగు వెనకనుంచో పక్కనుంచో రావాలి. బయట వాన పడేటప్పుడు చూడండి, ఆకాశం మీద చినుకులు దాదాపు కనిపించవు, ఎదుటి చెట్టు మీద స్పష్టంగా కనిపిస్తాయి.

నేను మొదటిసారి వాన చేసినప్పుడు రెండు రోజులు చారల మీదే పనిచేశాను. రెండర్ చూస్తే పొడినేల మీద గీతలు గీసినట్టుంది. నేల తడవలేదు! అప్పటినుంచి నేలకే ఎక్కువ సమయం ఇస్తున్నాను.

ఒక సిమెంటు గట్టు మీద వాన మొదలవడం దగ్గరగా కూర్చుని చూడండి. ముందు బొట్టు బొట్టుగా నల్లమచ్చలు పడతాయి. అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి, గట్టంతా రంగు ముదురుతుంది. కానీ తడి మెరుపు అప్పుడే రాదు. నీళ్ళు పీల్చడం అయ్యాక పైన పొర నిలిచినప్పుడే వస్తుంది. చివరికి పల్లాల్లో నీళ్ళు నిలుస్తాయి. ఈ వరసే మన మెటీరియల్‌కి కూడా. ముందు బేస్ కలర్ ముదరాలి, తర్వాత రఫ్‌నెస్ (గరుకుదనం, ఇది తగ్గేకొద్దీ నేల మెరుస్తుంది) 0.8 నుంచి 0.3కి, మడుగుల దగ్గర 0.05కి దిగాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే నేలకి నూనె పూసినట్టు ఉంటుంది. గాజు, ఇనుము నీళ్ళు పీల్చవు కాబట్టి వాటి రంగు ముదరనివ్వకండి.

బొట్లు పడటానికి డైనమిక్ పెయింట్ వాడదాం. ఇందులో బ్రష్ అనే వస్తువు తాకిన చోటల్లా కాన్వాస్ అనే వస్తువు మీద మచ్చ పడుతుంది. పైనుంచి పడే చారల్నే బ్రష్‌గా పెట్టకండి. అవి ఫ్రేముకు 27 సెంటీమీటర్లు దూకుతాయి కాబట్టి చాలా చుక్కలు నేలకు అంటకుండానే పోతాయి. దానికి బదులు నేలను కాపీ చేసి, రెండర్‌లో దాచి, దానిమీద గ్రావిటీ, వేగం రెండూ 0గా, లైఫ్‌టైమ్ 2గా ఇంకో ఎమిటర్ పెట్టండి. దాన్ని బ్రష్ చేసి, సోర్స్ పార్టికల్ సిస్టమ్ అని ఎంచుకోండి. అసలు నేల కాన్వాస్. సర్ఫేస్ పెయింట్, డ్రై టిక్ తీసేయండి. కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కని మాత్రం బాగా సబ్‌డివైడ్ చేయాలి, లేకపోతే మచ్చలు పలకలు పలకలుగా వస్తాయి. అలా వచ్చే వెట్‌మ్యాప్‌ని (ఎక్కడెక్కడ తడిసిందో చెప్పే పటాన్ని) కలర్ ఆట్రిబ్యూట్ నోడ్‌తో షేడర్‌లోకి తెచ్చి పైన చెప్పిన వరసకి కలపండి. మడుగుకి వేరే ప్లేన్ పెట్టి, సర్ఫేస్ వేవ్స్ అని మారిస్తే అదే బ్రష్‌తో వలయాలు కూడా లేస్తాయి.

చూరు కింద, చెట్టు మొదట్లో నేల పొడిగా వదిలేయండి. వెర్టెక్స్ గ్రూప్‌తో ఆ చోట్ల బ్రష్ పార్టికల్స్‌ని ఆపేస్తే సరిపోతుంది. తడికీ పొడికీ మధ్య ఆ గీత ఒక్కటి కనిపిస్తే చాలు, చూసేవాళ్ళు వానని నమ్ముతారు.

ఈ వారం అభ్యాసం: 100 ఫ్రేముల వాన చేసి, చారలన్నీ దాచి మళ్ళీ రెండర్ చేయండి. ఒక్క చార లేకపోయినా వాన కురుస్తోందని తెలియాలి. తెలియకపోతే చారల సంఖ్య పెంచకండి, నేల మెటీరియల్‌కి తిరిగి వెళ్ళండి. ఈ ఫైల్ దాచి ఉంచండి, 5వ పాఠంలో ఇదే నేలమీద పొగమంచు కమ్మిద్దాం.