లంకల్లో సైకాలజీ సర్వేకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

2022 జూలై లాంటి వరద తర్వాత కోనసీమ లంకల్లో జనం మానసికంగా ఎలా ఉన్నారో తెలుసుకోవడం నిజంగా అవసరమైన పని. అలాగని ఫారాలు జిరాక్స్ తీయించేసి రేవులో పడవెక్కేయకండి. ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో జనానికి హాని, అన్యాయం జరక్కుండా చూసే సంఘం) అనుమతి కాగితం చేతికి రావాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదివి ఉండాలి.

అసలు చిక్కు ఊళ్లోకెళ్లాక మొదలవుతుంది. వరద తీశాక కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా నష్టపరిహారం రాసుకోడానికే అనుకుంటారు, అడిగిందల్లా చెప్తారు, చూపించిన చోట సంతకం పెడతారు. దాన్ని సమ్మతి అనుకోకండి. అమెరికాలో టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదలు తమకు వైద్యం చేస్తున్నారనుకునే డాక్టర్లకి సహకరించారు, నిజానికి వాళ్ల జబ్బుకి సరైన మందే ఇవ్వలేదు. అందుకే మీ పేరు చెప్పిన వెంటనే, "అమ్మా, ఇది పరిహారం లిస్టు కాదండి, దీనివల్ల డబ్బులేం రావు, ఇష్టం లేకపోతే మధ్యలోనైనా ఆపేయొచ్చండి" అనేయండి. తర్వాత "మేమెందుకొచ్చామో మీకు ఎలా అర్థమైందండి?" అని ఆవిడనే అడగండి. మళ్లీ పరిహారం మాటే వస్తే మొదటికి రండి.

చదువు రానివాళ్ల వేలిముద్ర తీసుకునేటప్పుడు మీ జట్టుతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఉండాలి. ప్రశ్నలు మొదలయ్యాక ఆ సాక్షినీ పంపించేయండి. సర్పంచ్ గారు "మావాళ్లంతా చెప్తారు, రాసుకోండి" అన్నా, అది మిమ్మల్ని ఊళ్లోకి రానివ్వడం వరకే. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి కౌలు రైతుని అప్పుల గురించి అడిగితే ఏం చెప్తాడు, ఆ పొలం ఆయనదే కావచ్చు కదా!

డిప్రెషన్ లక్షణాలు కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల ఫారం వాడుతుంటే, అందులో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. 10, ఆ పైన వస్తే డిప్రెషన్ ఉందేమోనని చూడాలి తప్ప ఉందని రాసేయకూడదు. రొయ్యల చెరువు రైతు రాత్రంతా గట్టు మీదే ఉంటాడు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర కాపలా. నిద్ర ప్రశ్నకి అతను "రోజూ ఇంతేనండి" అంటే మార్కు వేసి ఊరుకోకండి, కారణం అడిగి పక్కన రాసుకోండి.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. ఎవరైనా అవునంటే ఎవరికి ఫోన్ చేస్తారో, ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారో ఖాయం చేసుకోకుండా ఆ ప్రశ్న అడగనే కూడదు. ప్రాణం మీదికొస్తే రహస్యం ఉంచలేమని సమ్మతి తీసుకునేటప్పుడే చెప్పండి. అవునన్న మనిషిని ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అక్కడి నుంచే కలిపి మాట్లాడించండి, తెలుగులో మాట్లాడతారు. ఆ పూట మిగతా ఫారాలు పక్కన పెట్టేయండి.

పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితం జవాబులతో కలపకుండా తాళంలో ఉంచండి. రిపోర్టులో ఊరి పేరు తీసేసినా, "కొడుకు గల్ఫ్‌లో ఉన్న, చెరువు దెబ్బతిన్న 52 ఏళ్ల కౌలు రైతు" అని రాస్తే ఆ లంకలో చిన్నపిల్లాడు కూడా ఎవరో చెప్పేస్తాడు. వయసు 50, 60 మధ్య అని రాసి, గల్ఫ్ సంగతి తీసేయండి.