బొలోన్యాలో మొదటి రోజు: అరుగుల వెంట నడక

ఇటలీలోని బొలోన్యాకు చదువు కోసం వచ్చే మనవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. దిగిన మర్నాడు బస్సు ఎక్కకండి, నడవండి. పాత ఊరు చిన్నదే. దారి తప్పినా కాసేపట్లో మళ్లీ తెలిసిన చోటికే వస్తారు. గట్టి బూట్లు వేసుకోండి, ఫోన్ ఫుల్‌గా చార్జ్ చేసుకోండి, పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకోండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నేను దిగిన రోజు జోరున వాన. గొడుగేమో సూట్‌కేసులో అట్టడుగున ఉండిపోయింది. ఇంత సామానుతో తడుస్తూ ఇల్లు ఎలా వెతుక్కోవాలా అని టెన్షన్ పడుతూ స్టేషన్ ఎదుటి రోడ్డు దాటాను. ఆ తర్వాత సందు దాటేటప్పుడు తప్ప నా మీద చినుకు పడలేదు. ఇక్కడ వీధుల పక్కన, ఇళ్ల కిందే, కప్పున్న దారి ఉంటుంది. పైన ఇల్లు, కింద స్తంభాలు, వాటి వెనక నడిచే జనం. వీటినే పోర్టికోలు అంటారు. ఊరు మొత్తం మీద 62 కిలోమీటర్లు ఉన్నాయి. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇవి ఎందుకు వచ్చాయో తెలుసుకుంటే ఊరు పరాయిగా అనిపించదు. ఇక్కడి యూనివర్సిటీ 1088లో మొదలైందని లెక్క. ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులూ పనివాళ్లూ వచ్చారు, ఉండటానికి గదులు చాలలేదు. ఇంటివాళ్లు పై అంతస్తును వీధి మీదికి జరిపి గదులు వేశారు, బరువు ఆగడానికి కింద కర్ర స్తంభాలు నిలబెట్టారు. 1288లో నగరం దాన్నే చట్టం చేసింది. కొత్త ఇల్లు కడితే పోర్టికో ఉండాల్సిందే, అది గుర్రం మీద మనిషి వెళ్లేంత ఎత్తు ఉండాల్సిందే. స్థలం ఇంటివాళ్లది, నడిచే హక్కు అందరిదీ. మన ఊళ్లలో వీధి అరుగు కూడా అంతే కదా. అరుగు ఇంటాయనదే అయినా, దారినపోయేవాళ్లు వచ్చి కూర్చుంటే లేవమనేవాళ్లు కాదు. గది దొరక్క మీరు పడే అవస్థ ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఆ అవస్థ నుంచే ఈ దారులు పుట్టాయి.

నడక స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి. బయట గోడ మీద ఒక గడియారం 10:25 దగ్గర ఆగి ఉంటుంది. చెడిపోయిందనుకోకండి. 1980 ఆగస్టు 2న ఇక్కడి వెయిటింగ్ రూమ్‌లో బాంబు పేలిన సమయం అది. 85 మంది చనిపోయారు. ఒక్క నిమిషం అక్కడ నిలబడి కదలండి.

అక్కడి నుంచి ఇందిపెందెన్సా వీధి పట్టుకుని తిన్నగా వెళ్తే ఇరవై నిమిషాల్లో ఊరి నడిబొడ్డుకు, అంటే పియాజ్జా మజ్జోరే చౌక్‌కు చేరతారు. ఇక్కడ తొందరపడకండి. సముద్ర దేవుడు నెప్ట్యూన్ విగ్రహం పక్కన పాత నగర భవనం ఉంది. దాని గోడ అడుగున, రాతి మీద కొన్ని గీతలు, ఒక ఇటుక ఆకారం, ఒక పెంకు ఆకారం చెక్కి ఉంటాయి. చాలామంది చూడకుండానే దాటిపోతారు. పూర్వం సంతలో కొలతలో మోసం జరిగిందని అనుమానం వస్తే ఇక్కడికి తెచ్చి సరిచూసుకునేవారు. బొలోన్యా అడుగు కూడా అక్కడే ఉంది, 38 సెంటీమీటర్లు. మీ జానతో కొలిచి చూడండి. పోర్టికో ఎత్తు 7 అడుగులు ఉండాలని చట్టం చెప్పింది ఈ అడుగులతోనే, అంటే దాదాపు 2.66 మీటర్లు.

ఎదురుగా పొదెస్తా భవనం కింద నాలుగు మూలల కమాను ఉంది. ఒకరు ఒక మూలలో, ఇంకొకరు ఎదుటి మూలలో గోడకు ముఖం పెట్టి నిలబడాలి. మధ్యలో జనం గోల గోలగా తిరుగుతున్నా, గుసగుసగా అన్న మాట అవతలి చెవికి స్పష్టంగా చేరుతుంది. నన్ను అక్కడ నిలబెట్టి నా స్నేహితురాలు అవతలి మూల నుంచి "తిన్నావా?" అంది. ఇల్లు వదిలిన మూడో రోజున, రాతి గోడలోంచి ఆ మాట వినపడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా తోడుంటే తప్పకుండా చేసి చూడండి.

సాన్ పెత్రోనియో చర్చి 1390లో మొదలుపెట్టారు, ముందు గోడకు పాలరాయి సగం దాకే వచ్చి ఆగిపోయింది. లోపల నేల మీద 1655లో కస్సీని అనే ఖగోళ శాస్త్రవేత్త గీయించిన దాదాపు 67 మీటర్ల గీత ఉంది. ఎండ ఉన్న రోజు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు కప్పులోని చిన్న రంధ్రంలోంచి వెలుగు చుక్క ఆ గీతను దాటుతుంది. భుజాలు కప్పే బట్టలు వేసుకుని వెళ్లండి. కాసేపు కూర్చోవాలన్నా, చలికి ఆగాలన్నా పక్కనే సాలాబోర్సా పబ్లిక్ లైబ్రరీ ఉంది, ప్రవేశం ఉచితం. గాజు నేల కింద రోమన్ల కాలం నాటి ఊరి శిథిలాలు కనిపిస్తాయి.

భోజనం సంగతి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటగది మూసేస్తారు, మళ్లీ ఏడు తర్వాతే. శాకాహారులైతే జాగ్రత్త: తోర్తెల్లీనీ అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది. పేరు దగ్గరగా ఉండే తోర్తెల్లోనీలో మామూలుగా రికొట్టా చీజ్ పెడతారు, అయినా అడిగి తినండి. పియాదీనా రొట్టె పిండిలో పంది కొవ్వు కలపడం మామూలే. "సెన్సా స్త్రుత్తో" అంటే ఆ కొవ్వు లేకుండా అని. బిల్లులో "కోపెర్తో" అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు వేసే రుసుము. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక.

తిన్నాక జంట గోపురాల వైపు నడవండి. అసినెల్లీ 97 మీటర్లు, పక్కన గరిసెందా 48 మీటర్లు, చూస్తేనే భయం వేసేంత ఒరిగి ఉంటుంది. దాని కదలికల వల్ల 2023 అక్టోబర్‌లో చుట్టూ దారి మూసేశారు. పట్టా చేతికి రాకముందు అసినెల్లీ ఎక్కితే చదువు పూర్తి కాదని ఇక్కడి విద్యార్థుల నమ్మకం. అక్కడి నుంచి స్త్రాదా మజ్జోరే వీధిలో కొంచెం ముందుకు వెళ్తే ఇసొలానీ ఇల్లు. 13వ శతాబ్దపు కర్ర పోర్టికో అది, స్తంభాలు దాదాపు 9 మీటర్లు. కింద నిలబడి పైకి చూడండి, దూలాల మధ్య మూడు బాణాలు గుచ్చుకుని ఉన్నాయంటారు. మొదట నాకు ఒక్కటీ కనపడలేదు. అటుగా వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి, నా భుజం పట్టుకుని రెండు అడుగులు పక్కకు జరిపి, వేలెత్తి చూపించింది.

రెండో రోజు నుంచి కాగితాల పని. దిగిన 8 పనిదినాల్లోపు పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, దాని దరఖాస్తు వేయాలి, దరఖాస్తు కిట్ పోస్టాఫీసులో ఉచితంగా ఇస్తారు. 16 యూరోల స్టాంపు "టి" బోర్డు ఉన్న తబాక్కీ, అంటే పొగాకు దుకాణంలో కొనాలి. పోస్టాఫీసు ఇచ్చే రసీదు ప్రాణంలా దాచుకోండి, కార్డు వచ్చేదాకా అదే మీ ఆధారం.

సాన్ లూకా కొండ మాత్రం మొదటి రోజు వద్దు. సరగొజ్జా గేటు నుంచి కొండ మీది చర్చి దాకా 666 కమానుల పోర్టికో, దాదాపు 3.8 కిలోమీటర్లు, రెండో సగమంతా ఎక్కడమే. మొదటి ఆదివారం పొద్దున్నే, నీళ్ల సీసా పట్టుకుని బయల్దేరండి.