చిన్న ట్రాక్టరుతో కొత్త తోట నేల దున్నడం: గోదావరి డెల్టాలో ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

గోదావరి డెల్టాలో కొత్తగా తోటకు తీసుకునే నేల అంతటా ఒకే తీరుగా ఉండదు. ఏళ్ల తరబడి వరికి దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా కలియదున్నిన) నల్లరేగడి చెక్క కావచ్చు, ఇంటి వెనుక గరిక అల్లుకుని బీడుపడిన దొడ్డి కావచ్చు, రెల్లు మొలిచిన లంక మెరక కావచ్చు, కొబ్బరి వరసల నడుమ ఖాళీగా ఉన్న జాగా కావచ్చు. 18 నుంచి 25 హార్స్‌పవర్ ఉన్న చిన్న ట్రాక్టరు, ఒంటి రెక్క నాగలి వీటన్నిటినీ దున్నగలవు గానీ, అన్నిటికీ ఒకే బిగింపు, ఒకే సమయం పనికిరావు. పని సాగనప్పుడు బండికి బలం చాలలేదనే మాట ముందుగా వినిపిస్తుంది. చాలాసార్లు లోపం నేల పదునులోనో, నాగలిని తగిలించిన తీరులోనో ఉంటుంది.

నాగలి దిగకుండా పైపైనే గీసుకుంటూ పోతోంది

మొదట నేలను చూడాలి, తరువాతే బండిని. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా రేగడి ఎండి, నెర్రెలు విచ్చి, గట్టిపడిపోతుంది. ఆ స్థితిలో కర్రు ఎంత వాడిగా ఉన్నా చిన్న బండి దానిని లోపలికి దింపలేదు. బలవంతం చేస్తే బోల్టులు తెగుతాయి, లేదా కర్రు వంగుతుంది. బోరు గానీ చెరువు గానీ అందుబాటులో ఉంటే ఒక తడి ఇవ్వాలి, లేకుంటే మంచి వాన పడేదాకా ఆగాలి. తడి ఇచ్చిన మర్నాడే నాగలి కట్టకూడదు.

పదును తెలుసుకోవడానికి పైమట్టిని తాకి చూస్తే చాలదు. పారతో ఆరంగుళాల లోతు తవ్వి, అడుగు మట్టిని గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా నొక్కాలి. అది ఉండ కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలినప్పుడు ముక్కలుగా విచ్చిపోతే దున్నడానికి సరైన పదును ఉన్నట్టు. ఉండ కట్టకుండా పొడిగా రాలినా, నొక్కినా చెదరని రాయిలాంటి బెడ్డగా ఉన్నా నేల ఎండిపోయిందని, కిందపడి చితికి అతుక్కుంటే తడి ఇంకా ఎక్కువగా ఉందని గ్రహించాలి. ఎండలు ముదిరిన రోజుల్లో రేగడిలో ఈ పదును ఎంతో కాలం నిలవదు కనుక, బాడుగ బండి అయితే ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. ఈ ఒక్క పరీక్ష శ్రద్ధగా చేస్తే కింద చెప్పబోయే ఇబ్బందుల్లో సగం రానే రావు.

పదును కుదిరినా నాగలి దిగకపోతే కర్రు మొనను పరిశీలించాలి. అరిగి గుండ్రబడిన మొన నేలలోకి దూరదు. దానిని సాగగొట్టించాలి, లేదా మార్చాలి. మొన బాగుంటే లోపం టాప్ లింక్ (నాగలి పైభాగాన్ని బండికి కలిపే, పొడవు మార్చగల కడ్డీ) పొడవులో ఉంటుంది. టాప్ లింక్ మరీ పొడవైతే నాగలి వెనక్కి వాలి, మొన పైకి లేచి ఉంటుంది. ఒకటి రెండు చుట్లు తిప్పి పొట్టి చేస్తే మొన కిందికి వంగి దిగడం మొదలవుతుంది. చుట్టు తిప్పిన ప్రతిసారీ పది గజాలు దున్ని చూడాలి. అవసరానికి మించి పొట్టి చేస్తే మొన గుచ్చుకుపోయి, నాగలి మడమ నేలను వదిలి లేస్తుంది, చాలు అడుగు ఎగుడుదిగుడుగా వస్తుంది.

ముందు చక్రాలు తేలుతున్నాయి

చిన్న బండికి ముందు భాగం తేలిక. నాగలి ఒక్కసారిగా లోతుకు పోయినా, వేరుకు తగులుకున్నా ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగు మాట వినదు. లోతు తగ్గించి, ముందు బంపరుకు కంపెనీ ఇచ్చే బరువులు తగిలించాలి. ఇక్కడ ఒక హెచ్చరికను గట్టిగా చెప్పవలసి ఉంది. కొబ్బరి మోడునో, పాత కంచె రాయినో పీకడానికి గొలుసును టాప్ లింక్ తగిలించే చోటనో, వెనుక ఇరుసుకో కట్టి లాగితే బండి వెనక్కి తిరగబడుతుంది, మీద ఉన్న మనిషి తప్పించుకునే వ్యవధి ఉండదు. గొలుసు ఎప్పుడూ బండి వెనుక కిందనున్న లాగుడు కడ్డీకే, అంటే డ్రాబారుకే కట్టాలి. మోడు కదలకపోతే చుట్టూ మట్టి తీసి, వేళ్లు నరికిన తరువాతే లాగాలి.

వెనుక చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి సాగడం లేదు

పైన తడి, అడుగున గట్టి నేల ఉన్న చోట ఇది తరచుగా కనిపిస్తుంది. చక్రం జారుతూ తిరిగే కొద్దీ అడుగు మట్టిని మెత్తి, గాలి, నీరు దిగని పొరగా మారుస్తుంది. తోటకు కావలసిన నేలను అది పాడుచేస్తుంది. బండిని ఆపి, నాగలి ఎత్తి, మొదటి దుక్కికి నాలుగైదు అంగుళాల లోతుతో సరిపెట్టుకోవాలి. కొద్ది రోజులు ఆరిన తరువాత అడ్డంగా రెండో దుక్కిలో ఏడెనిమిది అంగుళాలకు దిగవచ్చు. ఒకే దుక్కిలో పూర్తి లోతు కోరడం చిన్న బండికీ భారమే, డీజిలుకూ నష్టమే. వెనుక టైర్లలో వాల్వు మట్టం దాకా నీళ్లు పట్టిస్తే పట్టు పెరుగుతుంది. వెనుక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్‌ను నేరుగా సాగేటప్పుడే వాడి, మలుపుకు ముందే వదిలేయాలి. దమ్ముకు వాడే ఇనుప చక్రాలు బురదకు ఉద్దేశించినవి, పదును నేలలో వాటి అవసరం లేదు.

మట్టి తిరగబడడం లేదు, గడ్డి నిలబడే ఉంటోంది

దున్నిన తరువాత గరిక చాలు అంచుల మీద పచ్చగా కనిపిస్తుంటే దుక్కి వృథా అయినట్టే. గడ్డి మోకాలెత్తున ఉండగానే నాగలి పెట్టడం మొదటి కారణం; ముందు గడ్డిని నేలబారుగా కోయించి, కోసినదాన్ని ఎత్తివేయాలి. చాలు వెడల్పుకు తగనంత లోతు ఉండడం రెండో కారణం. 12 అంగుళాల నాగలికి ఏడెనిమిది అంగుళాల లోతు దాటితే మట్టి పెళ్ల తిరగబడకుండా అంచు మీద నిలబడి, మళ్లీ చాలులోకే జారుతుంది. బండిని మరీ నెమ్మదిగా నడిపినా ఇదే జరుగుతుంది.

రెక్కకు మట్టి అతుక్కుపోవడం దీనికి తోడయ్యే ఇబ్బంది. కొత్త నాగలి రెక్క మీది రంగు, పాత రెక్క మీది తుప్పు రేగడిని జారనివ్వవు. రంగు గీకి, ఇసుక నేలలో కాసేపు దున్నితే రెక్క నున్నబడి మెరుస్తుంది. పని ముగిసిన సాయంత్రమే కడిగి, ఆరబెట్టి, వాడిన ఇంజన్ ఆయిల్ రాసి ఉంచితే మరునాటి పని తేలికవుతుంది.

చాలుకూ చాలుకూ మధ్య దున్నని పట్టీ మిగులుతుంటే, కుడి చక్రాన్ని పాత చాలులో నడుపుతున్నారో లేదో, చక్రాల నడుమ ఎడం నాగలి కోతకు సరిపోయిందో లేదో చూడాలి. మొదటి చాలు తరువాత బండి కుడివైపుకు ఒరుగుతుంది కనుక, నాగలిని ఎత్తే కడ్డీల్లో కుడివైపుదాన్ని (కుడి లిఫ్ట్ రాడ్‌ను) కుదించి నాగలిని నేలకు సమంగా నిలపాలి.

దున్నిన చోట తుంగ ఇంకా దట్టంగా లేచింది

బీడు మీద నేరుగా రోటవేటర్ తిప్పించిన దొడ్డిలో ఈ ఫిర్యాదు వినపడుతుంది. చూపుకు నేల పొడిపొడిగా అందంగా తయారవుతుంది గానీ, గరిక తీగ ఎన్ని ముక్కలైతే అన్ని కణుపుల దగ్గర మొలుస్తుంది, తుంగ గడ్డలు దొడ్డంతా పరుచుకుంటాయి. ముందు రెక్క నాగలితో తిరగేయాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా కాసే ఆ ఎండకు తిరగబడిన చాళ్లను అలాగే వదిలేయాలి. పైకి వచ్చిన గడ్డలు, తీగలు వడలిన తరువాత గొర్రుతో లాగి ఏరివేయాలి. అడుగున మిగిలిన తుంగ మళ్లీ లేస్తుంది. అది కొత్త గడ్డలు వేయకముందే, మొలిచిన మూడు వారాల లోపు ఇంకొకసారి దున్నాలి. రోటవేటర్ వంతు ఆ తరువాతే.

వాన పడితే నీరు ఇంకడం లేదు

వరి చేనును తోటగా మార్చేవారికి ఇదే అసలైన చిక్కు. ఏటా సార్వాకూ (ఖరీఫ్ వరికి) దాళ్వాకూ దమ్ము చేయడం వల్ల నాగలి లోతుకు కిందనే ఒక గట్టి పొర కట్టి ఉంటుంది. వరికి అది మేలు, నీటిని నిలుపుతుంది. అరటికి, కందకు, కూరగాయలకు మాత్రం వేరు కుళ్లు తెచ్చిపెడుతుంది. వాన వెలిసిన తరువాత ఇనుప చువ్వను నేలలోకి నొక్కితే, కొంత మెత్తగా దిగి ఒక చోట ఆగిపోతుంది, ఆ పొర అక్కడే ఉంది. చువ్వకు ఆ మట్టం దగ్గర గుర్తు పెట్టి నాలుగైదు చోట్ల చూస్తే పొర లోతు తేలుతుంది.

ఆ పొరను చీల్చే లోతు నాగలి చిన్న బండికి భారం. ఆ ఒక్క పనికి పెద్ద ట్రాక్టరును పిలవడంలో తప్పులేదు. అడుగు ఎండి ఉన్నప్పుడే చీల్చాలి. తడిగా ఉంటే పొర పగలదు, నాగలి పోయిన మేర సన్నని గాటు మాత్రమే పడి మళ్లీ పూడుకుపోతుంది. పొర పగిలినా నీటికి దారి లేకపోతే ఫలితం ఉండదు. మురుగు కాలువ మట్టం వానాకాలంలో చేను మట్టానికి దగ్గరగా లేచే పల్లపు ఊళ్లలో, బోదెలు తీసి ఆ మట్టితో నడుమ కట్టలను మెరక చేసుకోవడమే నమ్మదగిన దారి, కోనసీమ తోటల్లో కనిపించే పద్ధతి అదే.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో వేసవిలో నేల మీద తెల్లని పొర కనిపిస్తే లోతు దుక్కి మానాలి, అడుగున ఉన్న ఉప్పు మట్టి పైకి వస్తుంది. ఉప్పు నేలను మంచినీటితో కడిగి బయటికి పంపాలి. జిప్సం కారు చౌడు (క్షార) నేలకే పనిచేస్తుంది, కాబట్టి మట్టి పరీక్ష చేయించకుండా బస్తాలు కొనడం డబ్బు దండగ. రెండు రకాల నేలల్లోనూ జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే గుల్లదనం వస్తుంది.

కొబ్బరి నడుమ, లంకల్లో

కొబ్బరి చెట్టు మొదలుకు ఆరడుగుల లోపు నాగలి పోనివ్వకూడదు. చెట్టును పోషించే వేళ్లు అక్కడే దట్టంగా ఉంటాయి, ఆ మేర పారతో తవ్వడమే మేలు. లంక మెరకల్లో రెల్లు దుబ్బులను నాగలికి వదిలేస్తే అవి రెక్కకు చుట్టుకుంటాయి కనుక ముందే మొదలుతో తవ్వించాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద ఎప్పుడైనా రావచ్చు. అంతకు ముందు వదులు చేసిన ఒండ్రు కోతకు గురవుతుంది. వరద తీసి నేల ఆరిన తరువాత, ప్రవాహానికి అడ్డంగా చాళ్లు పడేలా దున్నుకోవాలి.