బాయిలర్‌లో ప్రెషర్ పడిపోతే... ఇంగ్లండ్ పోతున్న మన నెల్లూరు, ఒంగోలు పిల్లలకి

పోయిన జనవరిలో ఒకరోజు పొద్దున పదకొండున్నరకి కావలిలో మా మిద్దె ఎక్కి ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయా అని చూస్తా ఉంటే బాబాయి కొడుకు కోవెంట్రీ నుంచి వీడియో కాల్ చేశాడు. ఆడ టైం ఆరు, ఇంకా తెల్లారలా. స్వెట్టర్, దాని మీద జాకెట్, దాని మీద పిన్ని పంపించిన దుప్పటి. "అన్నా, హీటింగ్ రావట్లా, వేడినీళ్లు కూడా రావట్లా, బాయిలర్ మీద ఎఫ్22 అని పడతా ఉంది, గ్యాస్ బిల్లు కట్టలేదని ఆపేశారంటావా?" అన్నాడు. బిల్లు కాదురా అబ్బయ్యా, లోపల నీళ్లు తగ్గినాయి అంతే, ఫోన్ బాయిలర్ కిందకి తిప్పు అన్నాను. అరగంటలో అయిపోయింది. నేను లెస్టర్‌లో ఐదేళ్లు ఉండి వచ్చినోణ్ణి కాబట్టి తెలుసు, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. సెప్టెంబర్‌లో దిగినప్పుడు ఇదేమీ తెలీదు, అక్టోబర్ ఆఖర్లో మొదటిసారి హీటింగ్ వేసినప్పుడు బయటపడుతుంది.

మనకి గీజర్ తెలుసు గానీ ఇల్లు వేడి చేసుకోవడం అనేది యాడ తెలుసు, రోహిణి కార్తెలో ఇల్లు చల్లబరుచుకోవడానికే సరిపోయె. ఆడ చాలా ఇళ్లలో ఉండేది కాంబీ బాయిలర్. ఒకే డబ్బా రెండు పనులు చేస్తుంది. కొళాయికి వేడినీళ్లు ఇస్తుంది, అవి మెయిన్స్ నుంచి, అంటే వీధి పైపు నుంచి, ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చే నీళ్లు. గదుల్లో గోడకి బిగించిన ఇనప పలకల్లాంటివి ఉంటాయి, వాటిని రేడియేటర్లంటారు, వాటిని కూడా వేడి చేస్తుంది, ఆ నీళ్లు మాత్రం వేరే, మూసేసిన పైపుల్లో అవే నీళ్లు తిరుగుతా ఉంటాయి. బయటికి పోవు, కొత్తవి రావు. అందుకని బాయిలర్ మీద ప్రెషర్ చూపించే గేజ్‌లో ముల్లు పడిపోయిందంటే ఆ నీళ్లు యాడో కారిపోయినట్టు, లేకపోతే ఎవరో రేడియేటర్‌లో గాలి తీసి మళ్లీ నింపడం మర్చిపోయినట్టు, అదీ కాకపోతే లోపల ఎక్స్‌పాన్షన్ వెసెల్, అంటే నీళ్లు వేడెక్కి ఉబ్బితే సర్దుకోవడానికి పెట్టిన డబ్బా, పాడైనట్టు. నీళ్లు పోసి ముల్లు లేపితే రిపేర్ అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ, అది రిపేర్ కాదు, ఆ రోజుకి గడిచింది అంతే.

గేజ్ మీద బార్ అని ఉంటుంది. మన మిద్దె మీద ట్యాంకు నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే కింద కొళాయి దగ్గర ఎంత ఒత్తిడి ఉంటుందో అది సుమారు 1 బార్. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1కీ 1.5కీ మధ్యలో ఉండాలి, వేడెక్కినాక 2 దాకా పోయినా కంగారు పడొద్దు. 1 కన్నా తగ్గితే తక్కువ, 0.5 కిందకి వస్తే చాలా బాయిలర్లు వాటంతట అవే ఆగిపోతాయి. వేలంట్ అయితే ఎఫ్22 అని, ఐడియల్ లాజిక్ అయితే ఎఫ్1 అని చూపిస్తుంది, మిగతావాటికి మోడల్ పేరు కొట్టి మాన్యువల్ చూసుకోండి.

నింపేటప్పుడు ముందు బాయిలర్ ఆఫ్ చేసి చల్లారనివ్వండి. తర్వాత కింద చూస్తే గీజర్‌కి బిగిస్తామే స్టీలు అల్లిక కనెక్షన్ పైపు, అట్టాంటిదే ఒకటి ఉంటుంది, దాన్ని ఫిల్లింగ్ లూప్ అంటారు. దానికి ఒకటో రెండో చిన్న వాల్వులు. పిడి పైపు పోయే దిక్కునే ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. కొన్నిటికి పిడి ఉండదు, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పే గాడి ఉంటుంది, ఇంకొన్నిటికి ప్లాస్టిక్ తాళంచెవి లాంటిది ఉంటుంది. ఒకటి పూర్తిగా తెరిచి రెండోది మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. సుయ్‌మని శబ్దం వస్తుంది, ముల్లు లేస్తుంది. 1.3 దగ్గరికి రాగానే రెండూ మూసేయండి, మూసినాక ఇంకోసారి చేత్తో తడిమి చూడండి. నింపాక ఆ పైపు విప్పి పెట్టాలని ఆడి రూలు, చాలా ఇళ్లలో అట్టాగే వదిలేసి ఉంటుంది. ఆ తర్వాత రీసెట్ నొక్కితే చాలు.

తడిమి చూడమని ఎందుకు చెప్తున్నానంటే నేను నా మొదటి చలికాలం ఒక వాల్వు సగం తెరిచి పెట్టి, మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే మాట్లాడి మాట్లాడి నిద్రపోయాను. ముల్లు 3 దాటింది. 3 దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఎక్కువైన నీళ్లని గోడలోంచి బయటికి వచ్చే చిన్న రాగి పైపు ద్వారా పోసేస్తుంది. రాత్రంతా పోసింది. తెల్లారేసరికి ఇంటి పక్క దారిలో అద్దంలాగా మంచు, పక్కింటి పెద్దాయన కుక్కని తీసుకుని జారకుండా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఒకసారి తెరుచుకున్న ఆ వాల్వు మళ్లీ సరిగ్గా కూర్చోకపోవడం కూడా మామూలే, నాకూ అదే అయింది, అప్పటి నుంచి చుక్క చుక్క కారడం.

రేడియేటర్ కింద వేడిగా పైన చల్లగా ఉందంటే పైన గాలి చేరింది, మన పొలంలో మోటారు గాలి పట్టినట్టే. హీటింగ్ ఆపి చల్లారాక పై మూలన ఉన్న చిన్న నట్టుకి కీ పెట్టి ఎడమ వైపు అర చుట్టు కూడా తిప్పక్కర్లా, బుస్‌మని గాలి పోయి నీళ్లు రాగానే బిగించేయండి. కింద గుడ్డ పెట్టుకోండి, ఆ నీళ్లు నల్లగా ఉంటాయి, కార్పెట్‌కి అంటితే డిపాజిట్‌లో పట్టుకుంటారు. గాలి తీసినాక ముల్లు కొంచెం పడుతుంది, మళ్లీ నింపుకోవాలి.

అసలు చూడాల్సింది ఎన్ని రోజులకి పడుతుందనేది. ఆరు నెలలకోసారి పడితే నింపుకుని వదిలేయొచ్చు. వారానికోసారి పడితే కారతా ఉన్నట్టే. ఊరికే కొత్త నీళ్లు పోస్తా ఉంటే మంచిది కాదు, కొత్త నీళ్లతో ఆక్సిజన్ వచ్చి రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి, కనిగిరి పొదిలి వైపు బోరు నీళ్లకి గీజర్ రాడ్డు మీద సున్నం గట్టిపడినట్టు గట్టి నీళ్లున్న ఊళ్లలో సున్నం కూడా పడుతుంది. ప్రతి రేడియేటర్ కింద వాల్వు దగ్గర టిష్యూ చుట్టి రాత్రంతా వదిలేయండి, తడిస్తే దొరికింది దొంగ. ఇత్తడి మీద పచ్చగా తెల్లగా పొక్కు కట్టినా అదే. బయటి రాగి పైపు మూతికి ఒక ప్లాస్టిక్ కవర్ కట్టి చూడండి, తెల్లారేసరికి నీళ్లు చేరితే సేఫ్టీ వాల్వు కారుతోంది. హీటింగ్ వేస్తే ముల్లు 3కి ఎగిరి, చల్లారితే సున్నాకి పడుతుందంటే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి పోయింది.

అద్దె ఇంట్లో ఉన్నోళ్లు దీన్ని మీ డబ్బుతో బాగు చేయించొద్దు. హీటింగ్, వేడినీళ్లు పనిచేసేట్టు ఉంచడం ఓనర్ బాధ్యత, ఇంగ్లండ్‌లో 1985 చట్టంలోనే ఉంది. ఫోన్లో చెప్తే మర్చిపోతారు, గేజ్ ఫొటో తేదీతో సహా మెయిల్ పెట్టండి. బాయిలర్ మూత మాత్రం మీరు తెరవొద్దు, యూట్యూబ్‌లో ఎవరు తెరిచి చూపించినా సరే. అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నోళ్ల జాబితాలో, పేరున్న ఇంజనీరే తెరవాలి, వచ్చినాయన్ని కార్డు అడగండి, ఏమీ అనుకోరు. గ్యాస్ వాసన వస్తే ఇవన్నీ పక్కన పెట్టి కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999కి చేయండి.

మావాడి ఇంట్లో మంచం వెనకాల రేడియేటర్ వాల్వు కారుతోంది, టిష్యూతోనే దొరికింది, మెయిల్ పెట్టిన నాలుగో రోజు ఇంజనీర్ వచ్చి మార్చి పోయాడు. ఇప్పుడు నేను చెప్పినట్టే ఆదివారం ఆదివారం గేజ్ ఫొటో తీసి కింద ప్రెషర్ 1.3 అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. మొన్న పిన్ని నాకు ఫోన్ చేసి, "అబ్బయ్యా, వీడికి ఇంత చిన్న వయసులో బీపీ ఏంది, మాత్రలు వేసుకుంటున్నాడా లేదా" అని ఒకటే ఏడుపు.