మీ పీఈటీ సార్ జీవితం రాసిపెట్టాలంటే

హైస్కూల్లో మీకు కబడ్డీ నేర్పిన సార్ ఒకప్పుడు పేరున్న ఆటగాడని ఊరంతా చెబుతుంది, కానీ ఎవరి తరఫున ఆడారు, ఏ సంవత్సరం అంటే తలా ఒక మాట అంటారు. ఆయన ఉండగానే కూర్చుని రాయండి. నేను మా సార్ గురించి రాయడానికి రెండేళ్లు వాయిదా వేశాను, తీరా వెళ్లేసరికి తన టీములో ఆడినవాళ్ల పేర్లు సగం ఆయనకు గుర్తులేవు.

ముందు కాగితాలు అడగండి. పాత సర్టిఫికెట్లు, ఫోటోలు, సర్వీస్ రిజిస్టర్ నకలు. ఏ స్కూల్లో ఎప్పుడు చేరారో రిజిస్టర్‌లో ఉంటుంది. పుట్టినతేదీ మాత్రం ఇంట్లోవాళ్లను కూడా అడగండి, ఆ కాలంలో బళ్లో చేర్చుకునేటప్పుడు అయ్యవారు తోచిన తేదీ వేసేవారు. జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న, అంతకు ముందు తిరుపతి కుర్రాడైనా, శ్రీకాళహస్తి కుర్రాడైనా ఆడింది చిత్తూరు జిల్లా టీముకే.

అన్నిటికంటే కష్టం డబ్బు సంగతి. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. దానికి ముందు ఆటతో బతకడమంటే రైల్వేలోనో, పోలీసులోనో ఆట మీద ఉద్యోగం తెచ్చుకోవడం, లేదంటే సంక్రాంతికో జాతరకో పెట్టే టోర్నమెంట్లలో ఇంత ఇస్తామంటే పక్క ఊరి టీముకు ఆడిరావడం. ఈ రెండో రకానికి ఏ కాగితమూ ఉండదు, పైగా "డబ్బుకు ఆడాడు" అంటారేమోనని సార్లు ఆ మాట దాటేస్తారు. గుచ్చి గుచ్చి అడగొద్దు. "సార్, ఆ డబ్బుతో ఇంటికి ఏం తెచ్చారు?" అని అడగండి. మా సార్ చెల్లెలి పెళ్లి నుంచి మొదలుపెట్టి గంటన్నర మాట్లాడారు, నా నోట్‌బుక్‌లో మంచి పేజీలన్నీ ఆ గంటన్నరలోవే.

గొప్పలు కనబడితే సరిచూడండి. ఏషియన్ గేమ్స్‌లో కబడ్డీకి పతకాలు ఇచ్చింది 1990 బీజింగ్ నుంచి, 1982 ఢిల్లీలో అది ప్రదర్శన ఆట మాత్రమే. ఎవరైనా 1982 పతకం అని చెబితే అది జ్ఞాపకం కలగాపులగం కావడమే, అబద్ధం అనుకోకండి.

చాలామంది కప్పుల దగ్గరే ఆపేస్తారు, నాకు అది అస్సలు నచ్చదు. ఆడింది పదేళ్లయితే, గ్రౌండ్‌లో విజిల్ పట్టుకుని నిలబడింది ముప్పై ఏళ్లు. అప్పట్లో మట్టిలో, దమ్మున్నంతసేపు కూత. ఇప్పుడు మ్యాట్ మీద, 30 సెకన్లలో తిరిగి రావాలి. ఈ మార్పు పిల్లలకు ఎలా నేర్పారో అడగండి. పొద్దున్నే చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌కు వెళితే నడకకు వచ్చిన పాత శిష్యులు దొరుకుతారు, స్పైక్స్ ఎవరికి కొనిచ్చారో, ఎవరి ఫీజు కట్టారో వాళ్లే చెబుతారు.

అంతా రాశాక ఆయనకు చదివి వినిపించండి, తీసేయమన్నది తీసేయండి. మా సార్ ఒక్కచోట ఆపారు. ఓడిన ఫైనల్లో రెఫరీది తప్పని శిష్యులు చెప్పింది రాశాను. "కాదురా, గీత తొక్కింది నేనే, అలాగే రాయి" అన్నారు. అలాగే రాశాను.